బానెట్ తెరిచి చూపించండి: మోటార్ షో నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో కార్ల ప్రదర్శనలు నిర్వహించేవారికి, వాటికి స్థలమూ అనుమతులూ ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ అధికారులకు,

నమస్కారం.

నేను ఒక ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ పాఠాలు చెబుతాను. కార్లంటే నాకు ప్రాణం. అందులోనూ స్పోర్ట్స్ కార్లంటే మరీ ఇష్టం. కోట్ల రూపాయల కార్ల మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. హైదరాబాద్‌లో ఒక పెద్ద అంతర్జాతీయ మోటార్ షో జరగాలని, ప్రపంచంలోని మేలైన కార్లన్నీ ఇక్కడికి రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. కాకపోతే ఆ షో ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో జరగకూడదు. బానెట్లు తెరవాలి. రేపు ఆ బానెట్ కింద చెయ్యి పెట్టి పని చేయాల్సిన పిల్లలు ముందు వరసలో నిలబడాలి. నేను అడుగుతున్నది ఇదే.

ఈ మధ్య నగరంలో జరిగిన ఒక ప్రదర్శనకు మా విద్యార్థుల్లో కొందరిని తీసుకెళ్లాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే అక్కడ జరిగింది ఎక్కడైనా జరుగుతున్నదే. ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి వేదిక మీద ఉంది. చుట్టూ తాడు, పైన లైట్లు, చెవులు పగిలే మ్యూజిక్. చాలాసేపు లైన్‌లో నిలబడి మా వంతు వచ్చాక తాడు దగ్గరున్న మనిషి "ఫొటో తీసుకుని జరగండి" అన్నాడు. మా వాడొకడు గౌరవంగానే అడిగాడు: "అన్నా, ఇది డ్రై సంపా?" ఆయనకు అర్థం కాలేదు. వివరాలన్నీ క్యూఆర్ కోడ్‌లో ఉన్నాయని ఒక బోర్డు చూపించాడు. స్కాన్ చేస్తే కారు రంగులు, కొనాలంటే ఫోన్ నంబర్ ఇవ్వమనే ఫారం వచ్చాయి. వాడు నా వైపు తిరిగి, "సార్, ఇంజన్ జర చూపించమనండి సార్" అన్నాడు. నేనూ అడిగాను. కుదరదన్నారు. కాసేపటికి పాసులున్న ఒక కుటుంబాన్ని తాడు లోపలికి పంపారు. వాళ్ల అబ్బాయి డ్రైవర్ సీట్లో కూర్చుని ఫొటోలు దిగాడు. ఆ అబ్బాయి సంతోషాన్ని నేను తప్పు పట్టను. బానెట్ మాత్రం అప్పుడూ తెరవలేదు.

మా వాడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. మామూలు కారులో ఇంజన్ ఆయిల్ అడుగున సంప్ అనే తొట్టిలో ఉంటుంది. గట్టి వేగంతో మలుపు తిరిగితే ఆ ఆయిల్ అంతా ఒక పక్కకు వెళ్లిపోతుంది. పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. అలా కొన్ని క్షణాలు జరిగినా చాలు, బేరింగ్‌లు పోతాయి. అందుకని చాలా స్పోర్ట్స్ కార్లలో ఆయిల్‌ను విడిగా ఒక ట్యాంకులో పెట్టి, కిందకు జారినదాన్ని వేరే పంపులతో ఎప్పటికప్పుడు లాగేస్తారు. డ్రై సంప్ అంటే ఇదే. కింద లోతైన సంప్ ఉండదు కాబట్టి ఇంజన్ మొత్తాన్ని ఇంకా కిందకు దించి బిగించవచ్చు. కారు రోడ్డును పట్టుకుని ఉండటానికి అది కూడా ఒక కారణం. ఇదంతా నేను బోర్డు మీద గీసి చెప్పాను. వాడు దాన్ని కళ్లతో చూద్దామని టికెట్ డబ్బులు కూడబెట్టుకుని వచ్చాడు.

ఖరీదైన కార్ల గురించి ఐటీఐ పిల్లలకెందుకు అని అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం 1954 నాటి సంగతి చెబుతాను. ఆ ఏడాది న్యూయార్క్ మోటార్ షోలో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ అనే స్పోర్ట్స్ కారును మొదటిసారి చూపించారు. తలుపులు రెక్కల్లా పైకి లేచే కారు అది. జనం ఆ తలుపులను చూశారు. అసలు విశేషం బానెట్ కింద ఉంది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్ లేకుండా, పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి దానిలో ఉంది.

అక్కడి నుంచి 2020 ఏప్రిల్ 1కి రండి. మన దేశంలో బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ నిబంధనల్లో నెగ్గడానికి కొత్త బైకులన్నీ ఇంచుమించుగా కార్బొరేటర్ వదిలేసి ఇంజెక్షన్‌కు మారాయి. మన గల్లీల్లో చెవితో విని, స్క్రూ డ్రైవర్‌తో కార్బొరేటర్ ట్యూనింగ్ చేసే మెకానిక్‌లు ఉన్నారు. చోక్, పైలట్ జెట్ లాంటి దాని భాగాల్లో ఎక్కడ తేడా ఉందో బండి స్టార్ట్ చేయగానే చెప్పేస్తారు. అంత పనితనం ఉన్న మనుషుల దగ్గరకు కార్బొరేటరే లేని బండ్లు రావడం మొదలైంది. సెన్సర్లు, ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ (ఈసీయూ), లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్. లాక్‌డౌన్ దెబ్బ కూడా అప్పుడే తగిలింది. నా దగ్గర చదివినవాళ్లే ఇద్దరు ముగ్గురు షెడ్డు మూసేసి డెలివరీ పనికి వెళ్లారు. ఆ ఇంజెక్షన్ సాంకేతికత కొత్తదేమీ కాదు. స్పోర్ట్స్ కార్లలో తిరుగుతూ, ఆ తర్వాత మామూలు కార్లలోకి దిగుతూ అరవై ఏళ్లకు పైగా మన వైపు వస్తూనే ఉంది. అది వస్తోందని వాళ్లకు కళ్లారా చూపించినవాళ్లే లేరు.

డిస్క్ బ్రేకులదీ అదే దారి. 1953లో జాగ్వార్ సి-టైప్ కార్లు డిస్క్ బ్రేకులతో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాయి. ఈ రోజు కాలేజీకి వెళ్లే పిల్లల బైకు ముందు చక్రానికి కూడా అవే ఉన్నాయి. ఈ ఏడాది మీ వేదిక మీద మెరిసేది కొన్నేళ్లకు రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారులో అట్టపెట్టెల్లో కనిపిస్తుంది. దాన్ని విప్పి బిగించేది మా పిల్లలే.

ఇప్పుడు రాబోయేది ఇంకా పెద్ద మార్పు. లంబోర్గిని రెవుయెల్టో తీసుకోండి. 6.5 లీటర్ల 12 సిలిండర్ల ఇంజన్‌తో పాటు మూడు ఎలక్ట్రిక్ మోటార్లు ఉన్నాయి దానికి. మొత్తం వెయ్యి హార్స్‌పవర్ పైమాటే. పినిన్‌ఫరినా బాటిస్టా అయితే పూర్తిగా కరెంటు బండి. ఇటలీలో తయారైనా ఆ కంపెనీ మన మహీంద్రా గ్రూపుది. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, 1900 హార్స్‌పవర్, నిలబడిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి రెండు సెకన్లలోపే చేరుతుంది. ఇలాంటి కార్లలో లావుపాటి నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. ఆ రంగు అందానికి వేసింది కాదు. అందులో హై వోల్టేజ్ పారుతోందని, బ్యాటరీ కరెంటును ఆపే సర్వీస్ ప్లగ్ తీయకుండా, ఇన్సులేటెడ్ గ్లవ్స్ లేకుండా తాకవద్దని మెకానిక్‌కు చేసే హెచ్చరిక. హైబ్రిడ్ కార్లలోనూ, ఎలక్ట్రిక్ కార్లలోనూ అవే కేబుళ్లు ఇప్పుడు మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. యాక్సిడెంట్ అయిన బండిని లాగడానికి వెళ్లే కుర్రాడికి ఆ రంగు అర్థం తెలియకపోతే ప్రాణం పోతుంది. బానెట్ తెరిచి ఒక్కసారి చూపించి చెబితే జన్మలో మరచిపోడు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్ల గురించి నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు తనివి తీరదు. వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండా రూపొందించిన బండ్లు అవి. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌లా మారి వేగాన్ని తగ్గిస్తుంది, ఆ శక్తిని మళ్లీ బ్యాటరీకి పంపిస్తుంది. మింట్ కాంపౌండ్‌కు, ఎన్టీఆర్ గార్డెన్‌కు మధ్య ఇంత పెద్ద పాఠం పరుగులు తీసింది. అందులో ఒక్క బండిని విప్పి మరుసటి రోజు ఊరికి చూపించి ఉంటే ఎంత బాగుండేది! 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఎందుకు రద్దయిందనే వివాదంలోకి నేను వెళ్లడం లేదు. మళ్లీ అలాంటి అవకాశం వస్తే ఈ పని జరగాలని అడుగుతున్నాను.

విప్పి చూపిస్తే జనం చూస్తారా అని మీకు సందేహం రావచ్చు. 1965 టూరిన్ మోటార్ షోలో లంబోర్గిని ఏం చేసిందో చూడండి. అప్పటికి ఆ కార్ల కంపెనీ పుట్టి రెండేళ్లు. యజమాని ట్రాక్టర్లు తయారు చేసి పైకొచ్చినవాడు. ఆ షోకు వాళ్లు తమ కొత్త కారును పూర్తి రూపంలో తేలేదు. బాడీ లేదు, సీట్లు లేవు, రంగు లేదు. దాని ఛాసిస్ మాత్రమే తెచ్చారు. బరువు తగ్గడానికి రంధ్రాలు కొట్టిన ఉక్కు రేకుల చట్రం, దాని మీద డ్రైవర్ వెనక అడ్డంగా బిగించిన 12 సిలిండర్ల ఇంజన్. అంత పెద్ద ఇంజన్‌ను రోడ్డు మీద తిరిగే కారులో అలా అడ్డంగా పెట్టవచ్చని అప్పటికి ఎవరూ ఊహించలేదు. జనం దాని చుట్టూ మూగారు. పైన కారు ఎలా ఉంటుందో తెలియకుండానే కొందరు ఆర్డర్లు ఇచ్చేశారు. మరుసటి ఏడాది జెనీవా షోలో బాడీతో వచ్చాక దానికి మియురా అని పేరు పెట్టారు. ప్రపంచంలోని అందమైన కార్లలో దానిది మొదటి వరస అని చాలామంది ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందో ఛాసిస్ చూసినవాళ్లకు తెలుసు. ఇంజన్ డ్రైవర్ వెనక, అదీ అడ్డంగా ఉండబట్టే కారు అంత పొట్టిగా, ముందుభాగం అంత పల్చగా గీయగలిగారు.

జెనీవా షోకు ఏమైందో కూడా చెప్పుకోవాలి. 1905లో మొదలైన షో అది. బుగాటీ షిరాన్‌ను 2016లో అక్కడే చూపించారు. 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు, ఆ వేడిని తట్టుకోవడానికి పది రేడియేటర్లు. మే నెలలో హైదరాబాద్ ఎండలో దీని పరిస్థితేమిటని మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మెకానిక్ అయ్యేవాడు అడగాల్సిన ప్రశ్న అది. అంత పేరున్న జెనీవా షో ఇక జరగదని 2024లో ప్రకటించారు. కంపెనీలు కొత్త కార్లను ఇంటర్నెట్‌లోనే చూపించడం మొదలుపెట్టాయి, షోలకు రావడం తగ్గించాయి. నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు ఫోన్‌లోనే దొరికితే షోకు ఎవరు వస్తారు? ఫోన్‌లో దొరకనిది చూపిస్తేనే వస్తారు. కార్బన్ సిరామిక్ బ్రేక్ డిస్క్‌ను చేత్తో ఎత్తి, పక్కనే ఇనుప డిస్క్‌ను కూడా ఎత్తి బరువులో తేడా తెలుసుకోవడం ఫోన్‌లో కుదరదు. మెక్‌లారెన్ ఎఫ్1 ఇంజన్ గదికి లోపల బంగారు రేకు అతికించారు, బంగారం వేడిని బాగా వెనక్కి కొడుతుందని. ఆ మాట చెప్పగానే వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు. అలాంటిది ఎదురుగా చూపిస్తే?

కార్ల మీద గీతలు పడతాయని, యజమానులు ఒప్పుకోరని మీ భయం. అది నాకు అర్థమవుతుంది. కోట్ల విలువైన పెయింట్ మీద అందరూ చేతులు వేయాలని నేను అడగడం లేదు. అడుగు దూరం నుంచి బానెట్ లోపలికి చూడనివ్వండి. కొన్ని కార్లలో ఇంజన్ వెనక ఉంటుంది, అద్దం కింద కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ ఒక మెట్టు పెడితే చాలు. తాకడానికి విడిగా ఒక గేర్‌బాక్స్, ఒక టర్బో, లోపలి భాగాలు కనిపించేలా కోసిన ఒక కట్ సెక్షన్ ఇంజన్ పెట్టండి. ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ అనే చోట 1993 నుంచి దాదాపు ఏటా స్పీడ్ ఫెస్టివల్ జరుగుతోంది. టికెట్ కొన్నవాళ్లెవరైనా ప్యాడాక్‌లోకి, అంటే రేసు కార్లను సిద్ధం చేసే చోటికి, నడిచి వెళ్లవచ్చు. రేసు కార్లను మెకానిక్‌లు స్టార్ట్ చేస్తుంటే పక్కనే నిలబడి చూడవచ్చు. జర్మనీ వాళ్లు తమ పెద్ద మోటార్ షోను 2021లో మ్యూనిక్‌కు మార్చినప్పుడు ప్రదర్శనలో కొంత భాగాన్ని హాళ్ల నుంచి బయటకు తెచ్చి ఊరి చౌరస్తాల్లో పెట్టారు, ప్రవేశం ఉచితం.

మనకు అంత దూరం కూడా పోనక్కరలేదు, నాంపల్లిలో నుమాయిష్ ఉంది. 1938లో మొదలైంది. అక్కడికి ఎవరు రారు? పాతబస్తీ వాళ్లు, బంజారాహిల్స్ వాళ్లు, పల్లెల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు అందరూ ఒకే గేటు గుండా వస్తారు. ఆడవాళ్లకు ఒక రోజు, పిల్లలకు ఒక రోజు కేటాయిస్తారు. మోటార్ షోలో మెకానిక్‌లకు ఒక రోజు ఎందుకు ఉండకూడదు? ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు, షెడ్డుల్లో పనిచేసేవాళ్లు, ఆటో డ్రైవర్లు వచ్చే రోజు. షెడ్డులో రోజు కూలీకి పనిచేసే పిల్లవాడు పగలు వస్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకని రాత్రి పది దాకా తెరిచి ఉంచండి. బోర్డులు తెలుగులో, ఉర్దూలో కూడా రాయించండి.

ఈ ఊరికి కార్ల మీద మోజు నిన్న మొన్న పుట్టింది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పటికీ ఉంది, వందేళ్లు దాటిన కారు. బహదూర్‌పురాలో సుధాకర్ గారి మ్యూజియం ఉంది. వంకాయలా, క్రికెట్ బ్యాట్‌లా, కెమెరాలా కనిపించే కార్లను తుక్కు సామానుతో, చేతులతో తయారు చేశారాయన. అవి నడుస్తాయి కూడా. ఏ బండికి ఏ ఇంజన్ వాడారో, ఎంత వేగంతో వెళ్తుందో పక్కనే బోర్డు మీద రాసిపెట్టారు. మా పిల్లలు అక్కడ అడిగినన్ని ప్రశ్నలు మరెక్కడా అడగలేదు.

ఇక వివరించే మనుషుల సంగతి. హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్ ఇక్కడే ఉంది. జడ్ఎఫ్ కంపెనీ టెక్నాలజీ సెంటర్ ఇక్కడే ఉంది. కారు గేర్‌బాక్స్ గురించి, బ్రేకుల గురించి రోజంతా కంప్యూటర్ ముందు ఆలోచించే తెలుగు ఇంజనీర్లు వేలమంది మాదాపూర్, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల ఉన్నారు. ప్రదర్శనలు జరిగే హైటెక్స్‌కు అది పెద్ద దూరం కాదు. రోజుకు రెండు గంటలు కారు పక్కన నిలబడి చెప్పమంటే సంతోషంగా వచ్చేవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారని నా నమ్మకం. మా ట్రేడ్‌లో ఇప్పుడు ఆడపిల్లలు కూడా చదువుతున్నారు. ఆ రోజు షోలో వాళ్లకు కనిపించిన ఆడవాళ్లందరూ కారు పక్కన నవ్వుతూ నిలబడటానికి పెట్టుకున్నవాళ్లే. ఆ కారు సస్పెన్షన్ డిజైన్ చేసిన అమ్మాయి ఒకరు ఎదురుపడి మాట్లాడితే మా పిల్లల్లో ఎంత ధైర్యం వస్తుందో ఆలోచించండి.

ప్రభుత్వానికి ప్రత్యేకంగా ఒక మాట. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు. దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. కొత్త మెషీన్లు అవసరమే. ఆ మెషీన్ మీద కూర్చునే పిల్లవాడికి ఈ పని దేనికి దారి తీస్తుందో తెలియడం కూడా అంతే అవసరం. మోటార్ షోకు స్థలం ఇచ్చేటప్పుడు, పోలీసు బందోబస్తు ఇచ్చేటప్పుడు, పన్ను రాయితీలు ఇచ్చేటప్పుడు ఆ కాగితంలోనే ఒక షరతు రాయండి: మొదటి రోజు ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఉచితం, బానెట్లు తెరిచి ఉంచాలి, జవాబు చెప్పే మనిషి ఉండాలి. జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఆర్టీసీ బస్సు ఏర్పాటు చేయండి. ఆదిలాబాద్‌లో చదివే పిల్లవాడు స్పోర్ట్స్ కారు ఇంజన్ చూడటం విలాసమని దయచేసి అనుకోకండి. వాడి సిలబస్‌లో ఉన్నదాన్నే వాడికి చూపించమంటున్నాను.

నిర్వాహకులకు మా వైపు నుంచి చేయగలిగింది కూడా చెబుతాను. పనికిరాని ఇంజన్లు, గేర్‌బాక్సులు ఇప్పిస్తే మా వర్క్‌షాప్‌లో కోసి, రంగులు వేసి కట్ సెక్షన్ మోడళ్లు తయారు చేసి ఇస్తాం. స్టాండ్లు మేమే వెల్డింగ్ చేస్తాం. వారం ముందు శిక్షణ ఇస్తే మా సీనియర్ విద్యార్థులు తెలుగులో, ఉర్దూలో, హిందీలో జనానికి వివరిస్తారు. వచ్చే షో తేదీలు ఖరారైనప్పుడు ఐటీఐ ప్రిన్సిపాళ్లకు కూడా ఒక లేఖ పంపండి. కంటెయినర్‌లోంచి కార్లు దించే రోజు మా పిల్లలను పక్కన నిలబడి చూడనివ్వండి.

ఇట్లు,
ఒక ఐటీఐ బోధకుడు,
మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్,
హైదరాబాద్